పేరులేని చిత్రకారుడు, పేరున్న చేపలు



గత మే నెలలో బోరబండలోని మా సంఘములో పది దినములు సెలవుల బైబిలు పాఠశాల జరిగినది. పాఠము నోవహు ఓడ. మందిరపు గోడకు పొడవాటి చార్టు కాగితము అతికించి, పిల్లలకు రంగు పెన్సిళ్ళు ఇచ్చి, ఓడలోనికి వెళ్ళిన జంతువులను గీయమన్నాము. అరగంటలో గోడ నిండిపోయినది. సింహములున్నవి, ఏనుగులున్నవి, జిరాఫీలు కూడ ఉన్నవి. అన్నియు టీవీలో చూచినవే. నవ్వుతున్న సింహము, కనురెప్పలు దిద్దుకొన్న ఏనుగు.

ఒక పిల్లవాడు మాత్రము మూలన కూర్చుండి పామును గీసినాడు. వాని తండ్రి ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్టింగులకు రంగులు వేసే పనివాడు. తండ్రి చేతివాటము కొడుకునకు వచ్చినది. "ఇది ఏ పాము నాయనా?" అని అడిగాము. వాడు ఆశ్చర్యముగా చూచి, "పామంటే పామే కదా అయ్యగారూ!" అన్నాడు. దాని ప్రక్కనే నీళ్ళలో పది చేపలు. అన్నియు ఒక్కటే అచ్చు. సైట్-3 నుండి మనుమరాలిని తీసికొని వచ్చిన ఒక ముసలితల్లి, విశాఖ వైపు పల్లెకారుల కుటుంబములో పుట్టిన ఆమె, గోడ దగ్గరకు వచ్చి కళ్ళు చిట్లించి చూచి, "ఏటి బాబూ, ఈ సేపలకి పేర్లు నేవా?" అని అడిగినది. పిల్లలందరు నవ్వినారు. మాకు మాత్రము ఆ ప్రశ్న రాత్రి నిద్రపట్టనీయలేదు.

ఆదాము చేసిన మొదటి పని ఏమిటి? దేవుడు జంతువులను, పక్షులను అతని యొద్దకు రప్పించినాడు. అతడు వాటికి పేర్లు పెట్టినాడు (ఆది 2:19, 20). పేరు పెట్టవలెనంటే ముందు చూడవలెను. దీనికి దానికి గల భేదము కనిపెట్టవలెను. సొలొమోను జ్ఞానమును గూర్చి చెప్పినప్పుడు కూడ గ్రంథము చెట్లను, మృగములను, పక్షులను, ప్రాకు పురుగులను, చేపలను లెక్కపెట్టి చెప్పుచున్నది (1 రాజులు 4:33). మేమో, నలువదియేండ్లు దాటినవారము, వేదపాఠశాలలో చదివినవారము, ఒక పామును చూచి దాని పేరు చెప్పలేము.

ఇక్కడ మా బోరబండను గూర్చి రెండు మాటలు. పటములో చూచిన యెడల జూబిలీహిల్స్ ప్రక్కనే ఉంటుంది. మేడలు అటు, ఇరుకు సందులు ఇటు. మా సంఘములో పాలకొండ వారున్నారు, మహబూబ్‌నగర్ వారున్నారు. కొందరు మేస్త్రీలు, కొందరు ఇండ్లలో పని చేయువారు, కొందరు సినిమా షూటింగులలో లైట్లు మోయువారు, సెట్లు కట్టువారు. సినిమాలను గూర్చి మా సంఘపెద్దల అభిప్రాయము వేరు. కాని కష్టపడి సంపాదించిన కూలి కూలియే. ఆ సోదరులలో ఒకరు ఒకసారి మాతో అన్నారు: "అయ్యగారూ, సినిమా ఆఖరున పేర్లు పైకి పోతుంటాయి చూడండి. మా పేరు వచ్చేసరికి హాలు ఖాళీ అయిపోతుంది. చాలాసార్లు అసలు రానే రాదు." ఈ మాట జ్ఞాపకముంచుకొనండి. తరువాత పనికి వచ్చును.

జంతువుల బొమ్మలకు పెద్ద చరిత్రయే ఉన్నది. 1515లో మన దేశపు ఖడ్గమృగము ఒకటి పోర్చుగీసు ఓడలో లిస్బను పట్టణము చేరినది. గుజరాతు సుల్తాను ఇచ్చిన కానుక అది. జర్మనీలోని డ్యూరర్ అను గొప్ప చిత్రకారుడు దానిని కన్నులార చూడలేదు. ఎవరో పంపిన వర్ణన, ఒక ముతక బొమ్మ ఆధారముగా చెక్కపై చెక్కి అచ్చు వేసినాడు. ఆ మృగమునకు యుద్ధకవచము తొడిగినట్లు పలకలు పెట్టినాడు. వీపు మీద మరొక చిన్న కొమ్ము కూడ మొలిపించినాడు. అయినను రెండు వందల ఏండ్లకు పైగా యూరపు దేశస్థులు దానినే నిజమని నమ్మినారు. చూడకుండ గీసిన బొమ్మ ఎంత అందముగా ఉంటే అంత దూరము అబద్ధమును మోసికొని పోవును.

తరువాతి కాలములో సముద్రయాత్రలు చేయువారు చిత్రకారులను ఓడలోనే వెంట తీసికొని వెళ్ళుట మొదలుపెట్టినారు. 1768లో కెప్టెన్ కుక్ ఓడ ఎక్కిన సిడ్నీ పార్కిన్‌సన్ క్వేకర్ క్రైస్తవ కుటుంబములోని యువకుడు. తహితి ద్వీపములో ఈగలు గుంపులుగా వచ్చి కాగితము మీది రంగును తినివేసేవట! దోమతెర కట్టుకొని దాని లోపల కూర్చుండి గీసేవాడట. వందల కొలది చెట్లను, చేపలను, పక్షులను గీసి, 1771లో ఇంటికి తిరిగి వచ్చు దారిలో రోగముచేత సముద్రము మీదనే చనిపోయినాడు. వయస్సు ఇరువదియైదేండ్ల ప్రాయము.

ఇవన్నియు ఎక్కడివో దూరపు సంగతులనుకొంటిమి. కాని ఇటువంటి పని మన తెలుగు తీరములోనే, ఆ ముసలితల్లి పుట్టిన విశాఖపట్టణములోనే జరిగినదని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషము ఇంతింత కాదు. ఆ పని చేయించినవాడు ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు. ఎడింబరోలో పుట్టి, సిరియాలోని అలెప్పో పట్టణములో వైద్యము చేసి, అక్కడ ప్లేగు తెగులు చెలరేగిన దినములలో రోగులను చూచిన మనుష్యుడు. 1781లో, యాభై దాటిన వయస్సులో, తన తమ్ముడు క్లాడ్‌కు తోడుగా విశాఖ వచ్చినాడు. ఆయన అచ్చు వేయించిన గ్రంథములు రెండు: 1796లో కోరమాండల్ తీరపు పాములను గూర్చి, 1803లో విశాఖపట్టణపు రెండు వందల చేపలను గూర్చి. ప్రతి చేపకు, ప్రతి పాముకు పటమున్నది. అంతకంటె ముఖ్యము, ఆ పటముల ప్రక్కన స్థానికుల నోట విన్న తెలుగు పేర్లను ఆంగ్ల అక్షరములలో వ్రాసినాడు.

ఆ గ్రంథములు ఇప్పుడు కంప్యూటరులో ఉచితముగా దొరుకుచున్నవి. మా పెద్దబ్బాయి కొన్ని పటములను తీసి కాగితము మీద అచ్చు వేయించి ఇచ్చినాడు. జూన్ నెలలో విశాఖలో మా బంధువుల వివాహమునకు వెళ్ళవలసియున్నది. ఆ కాగితములను బైబిలు సంచిలో పెట్టుకొని, బోరబండ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. ఎక్కి, సికింద్రాబాదులో రాత్రి బండి పట్టుకొన్నాము.

తెల్లవారుజామున సామర్లకోటలో మెలకువ వచ్చినది. టీ త్రాగుచు ఆ ప్లాట్‌ఫారము వంక చూస్తే మనస్సు నిండిపోయినది. ఇదే సామర్లకోటలో రాక్స్‌బరో అను వైద్యుడు స్థానిక చిత్రకారులను కూర్చుండబెట్టి మన మొక్కలను ఆకు ఆకు గీయించినాడు. ఇక్కడికి దగ్గరలోనే, కాకినాడ జగన్నాథపురములో, 1785లో కోనిగ్ అను వైద్యుడు కన్నుమూసినాడు. ఈయన జీగెన్‌బాల్గ్ దొరగారు 1706లో అడుగుపెట్టిన తరంగంబాడి మిషనుకు వైద్యుడుగా వచ్చినవాడు. మిషను వైద్యముతోబాటు చెట్టు చేమలను, పురుగు పుట్రను పరిశీలించుట ఆయన పని. ఆయన చనిపోయిన తరువాత కంపెనీవారు ఆ ఉద్యోగమును రస్సెల్‌కు అప్పగించినారు. మిషను చరిత్ర చదివినప్పుడు మేము బాప్తిస్మముల లెక్కలే చూచితిమి గాని, ఈ పనిని ఎన్నడును గమనింపలేదు.

విశాఖలో పెండ్లి మరుసటి ఉదయము ఫిషింగ్ హార్బరుకు వెళ్ళితిమి. చేపల వాసన, ఐసు పెట్టెల చప్పుడు, వేలము కేకలు, కాకుల గోల. ఒక పెద్దామె తట్ట ముందు పెట్టుకొని కూర్చున్నది. బేరము చేయని గిరాకీ వచ్చినాడని మొదట మమ్మును విసుగ్గా చూచినది. మేము రస్సెల్ చేపల పటములను ఒక్కొక్కటి చూపించినాము. రెండు వందల ఇరవై ఏండ్ల నాటి బొమ్మలవి. ఆమెకు చదువు రాదు. కాని పటము చేతికి తీసికొన్న క్షణమే ఆమె ముఖము మారిపోయినది.

"ఇది తెల్ల సందువ. ఇదేమో నల్ల సందువ. ఇది... ఓలమ్మా, ఇది తిమిరి కదేటి! ముట్టుకుంటే సెయ్యి తిమిరెక్కిపోద్ది బాబూ."

కాగితము క్రింద రస్సెల్ వ్రాసిన పేరు చదివినాము. తిమ్మిరి! శరీరములో విద్యుత్తు పుట్టించి ముట్టుకొన్నవాని చేతిని మొద్దుబార్చు చేప అది. ఆ తెలుగు మాటనుండియే తరువాతి శాస్త్రజ్ఞులు ఒక జాతి చేపలకు టెమెరా అని పేరు పెట్టినారు. లండనులో అచ్చయిన పుస్తకమునకు విశాఖ పల్లెకారుల నోరు పాఠము చెప్పినది. ఆ నోరు ఇంకను అదే మాట పలుకుచున్నది. ఆమె పటములన్నియు చూచి, తిరిగి ఇచ్చుచు, "ఎవులు గీసినారో గాని, సూసి గీసినారు" అన్నది. చిత్రకారునికి ఇంతకంటె పెద్ద బిరుదు ఏమి కావలెను?

ఇక పాముల పటములు మిగిలినవి. వాటిని హార్బరులో చూపించలేదు. బీచి రోడ్డులో ఒక బల్ల మీద కూర్చుండి మేమే చూచుకొన్నాము. చింతనాగు, కాటుక రేకుల పొడ, పెద్ద పొడ, బంగారు పాము. ఈ బంగారు అను మాటయే నేడు ప్రపంచమంతట కట్లపాముల జాతికి బంగారస్ అను శాస్త్రీయ నామమైనది. కాటుక రేకుల పొడయే మన రక్తపింజర. దానికి ఇప్పుడు రస్సెల్ పేరే పెట్టినారు. తరువాత మరొక పటము. నల్లని మెరిసే ఒళ్ళు, దాని మీద సన్నని తెల్లని కట్లు. రస్సెల్ వ్రాసికొన్న స్థానిక నామము గెడి పరగుడు. మన ఊళ్ళలో కట్లపాము అందురు.

ఆ పటమును చూచి మా చేయి వణికినది. ఎందుకో చెప్పుట మాకు కష్టము. అయినను చెప్పవలెను.

దాదాపు పదునెనిమిది ఏండ్ల క్రిందట, మా మొదటి సేవా గ్రామములో, ఒక వర్షాకాలపు రాత్రి ఒక సహోదరిని పాము కరచినది. నేల మీద చాప పరచుకొని పిల్లలతో పండుకొన్నది. చేతి మీద చీమ కుట్టినంత గుర్తు. నొప్పి లేదు, వాపు లేదు. ఇంటివారు మూలన చుట్టుకొని ఉన్న పామును చంపి మాకు చూపించినారు. నల్లని ఒళ్ళు, తెల్లని కట్లు. ఇంత సన్నని పాము, వాపు కూడ లేదు, విషము లేనిదై యుండునని మేమే అన్నాము. కొందరు మంత్రగానిని పిలువుదమన్నారు. మేము గట్టిగా అడ్డుపడినాము. మంత్రమా, ప్రార్థనా అను వాదములో ఒక గంట గడచినది. చివరకు ప్రార్థనయే గెలిచినది. తెల్లవారువరకు మోకాళ్ళ మీద ఉన్నాము. తెల్లవారుచుండగా ఆమె కనురెప్పలు వాలిపోయినవి. మాట ముద్దగా వచ్చినది. ఎద్దుబండి కట్టి, ఆటో దొరికిన చోటికి చేరులోపల ఊపిరి ఆగిపోయినది. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు.

మంత్రగానిని రానీయలేదని ఆనాడు కొందరు మమ్మును మెచ్చుకొన్నారు. ఆస్పత్రి మాట ఎవరును ఎత్తలేదేమని మమ్మును ఎవరును అడుగలేదు. మేము కూడ మమ్మును అడుగుకొనలేదు. విశాఖ సముద్రపు ఒడ్డున, రెండు వందల ఏండ్ల క్రిందట ఆ పట్టణములోనే గీయబడిన ఆ పామును చూచినప్పుడు, అది మమ్మును అడిగినది. నీకు నా పేరు తెలియదా? అని.

రస్సెల్ ఈ పని వినోదమునకై చేయలేదు. పాముకాటుచేత జనులు చనిపోవుచుండగా చూచి, విషమున్న పాము ఏది, లేనిది ఏది అని సామాన్యులు గుర్తుపట్టునట్లు పటములు ఉండవలెనని కోరినాడు. కోళ్ళ మీద, కుక్కల మీద పరీక్షలు చేసి ఏ పాము విషము ఎంతటిదో వ్రాసినాడు. ఆ దినములలో పేరు మ్రోగిన తంజావూరు మాత్రను కూడ పరీక్షకు పెట్టినాడు. పాషాణము కలిసిన మందు అది. మన దేశములో ఎక్కువ మందిని చంపుచున్న నాలుగు పాములు, అనగా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగును ఆయన గ్రంథములో ఉన్నవి. నేడు ఆస్పత్రులలో ఇచ్చు విరుగుడు మందు ఆ నాలుగు విషములకే తయారైనది.

2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనము ప్రకారము 2000 నుండి 2019 వరకు మన దేశములో పాముకాటుచేత సుమారు 12 లక్షల మంది చనిపోయినారు. ఏటికి దాదాపు 58,000 మంది. వారిలో ఎక్కువ మంది పల్లెవాసులు, వానకాలములోనే ఎక్కువ. అనగా ఈ పత్రిక చదువు మన కుటుంబములే.

కాబట్టి ప్రియులారా, ఇది వినుడి. పాము కరచిన యెడల గాయమును కోయవద్దు, నోటితో పీల్చవద్దు, త్రాటితో బిగించి కట్టవద్దు. గాజులు, ఉంగరములు తీసివేయండి. కరచిన కాలును గాని చేతిని గాని, ఎముక విరిగినవానికి కట్టినట్లు బద్దతో కదలకుండ ఉంచి, 108కు ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాస్పత్రికి వెంటనే తీసికొనిపొండి. పామును పట్టుకొనుటకు కాలము పోగొట్టవద్దు. నొప్పి లేదని, వాపు లేదని ఊరుకొనవద్దు; కట్లపాము కాటు అట్లే ఉండును. రాత్రివేళ నేల మీద పండుకొనక మంచము మీద దోమతెర వేసికొని పండుకొనండి. చీకటిలో టార్చి లేకుండ అడుగు వేయవద్దు.

మరి ప్రార్థన? తప్పక చేయండి, కాని దారిలో చేయండి. మెలితే ద్వీపములో పౌలును సర్పము పట్టినను హాని కలుగలేదు (అపొ. 28:3-6), నిజమే. కాని ఆ పౌలుతోనే లూకా అను వైద్యుడు ప్రయాణము చేసినాడు (కొలొ. 4:14). హిజ్కియా ప్రార్థన ఆలకించిన దేవుడే పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టుమని ప్రవక్తచేత చెప్పించినాడు (యెషయా 38:21). మందును ప్రక్కకు నెట్టి దేవుని శోధించుట విశ్వాసము కాదు. ఇది మేము పుస్తకములో నేర్చుకొన్నది కాదు. ఒక సహోదరి సమాధి దగ్గర నేర్చుకొనవలసినదానిని పదునెనిమిది ఏండ్లు ఆలస్యముగా నేర్చుకొన్నాము.

ఆ సాయంత్రము విశాఖ పాతపట్టణము వీధులలో నడచితిమి. రస్సెల్ 1789లో ఇక్కడినుండి వెళ్ళిపోయి 1805లో లండనులో చనిపోయినాడు. సరిగా ఆ 1805లోనే లండను మిషనరీ సొసైటీ వారైన క్రాన్, డిగ్రాంజెస్ దొరలు విశాఖలో దిగి తెలుగు బైబిలు తర్జుమా మొదలుపెట్టినారు. వారికి తోడైన ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి పేరు మన సంఘ చరిత్రలో నిలిచినది. దొరలిద్దరు 1810లోగా మరణించినారు. వారి శ్రమ ఫలితమైన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయినవి. ఒకే పట్టణములో, ఒక తరములోపల, దేవుని సృష్టిని తెలుగు పేర్లతో వ్రాసికొన్నవారు, దేవుని వాక్యమును తెలుగు మాటలలోనికి తెచ్చినవారు పని చేసినారు.

కాని ఆ చేపలను గీసిన దేశీయ చిత్రకారుని పేరు? గ్రంథము మొదటి పుట మీద రస్సెల్ పేరున్నది. ఆయన పేరు లేదు. మా బోరబండ సోదరుని మాట జ్ఞాపకము వచ్చినది. పేర్లు పైకి పోవువేళకు హాలు ఖాళీ. రెండు వందల చేపలకు పేర్లున్నవి, వాటిని గీసిన చేతికి పేరు లేదు. అయినను నక్షత్రములను లెక్కించి పేర్లు పెట్టు దేవునికి (కీర్త. 147:4) ఆ చేయి ఎవరిదో తెలియదా?

బోరబండకు తిరిగి వచ్చిన తరువాత ఆదివారము ఆరాధనలో, మేము పైన వ్రాసినదంతయు సంఘము ఎదుట చెప్పినాము. కొందరు తలలు వంచుకొన్నారు. ఒక తండ్రి లేచి బయటికి వెళ్ళిపోయినాడు. ఆయన ఇంటిలో కూడ అట్టి మరణమొకటి జరిగినదని తరువాత తెలిసినది.

మరుసటి వారము పామును గీసిన ఆ పిల్లవానిని పిలిచి, రస్సెల్ పటములను వాని ముందు పరచినాము. నాలుగు పాములను పెద్దవిగా గీయమన్నాము. వాడు తండ్రి దగ్గర రంగులు అడిగి తెచ్చుకొని, నాలుగు దినములు కూర్చుండి, ఒక్కొక్క కట్టును లెక్కపెట్టి గీసినాడు. ఒకచోట తప్పు వస్తే చించివేసి మరల గీసినాడు. ప్రతి పాము క్రింద దాని పేరు, దాని క్రింద 108 అను అంకె. ఆ పటము ఇప్పుడు మా మందిరపు వాకిలి ప్రక్కన ఉన్నది. ప్రతులు తీయించి మా సంఘస్థుల స్వగ్రామములకు కూడ పంపినాము.

పటము క్రింది మూలన కొంత చోటు మిగిలినది. "అక్కడ ఏమి వ్రాయమంటారు అయ్యగారూ? వాక్యమా?" అని వాడు అడిగినాడు. "నీ పేరు వ్రాయి నాయనా" అన్నాము.

దేవుని నామమునకే మహిమ కలుగును గాక. ఆమేన్.